బస్రాలో జబ్బుతో పోయిన మీ పెద్ద జేజినాయన గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను అమ్మా. మీ జేజినాయన వాళ్ళ అన్న రాయచోటి తాలూకాలోని పల్లె నుంచి మీసాలు రాని వయసులోనే కోలారు బంగారు గనులకు కూలికి వలస పోయాడు. అక్కడి నుంచి బెంగుళూరు వెళ్ళి శాపర్స్ పల్టన్‌లో, అంటే తవ్వే, కట్టే పనులు చేసే సైన్యంలో, చేరాడు. జర్మనీ యుద్ధమప్పుడు, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇప్పటి ఇరాక్‌లోని బస్రాకు పంపారు. 1918 ఆఖర్లో ఇంటికి కాగితం వచ్చింది, జబ్బు చేసి పోయాడని. శవం రాలేదు. తేదీ ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో ఒక కంచు బిళ్ళ, ఒక వెండి మెడల్ మిగిలాయి. ఇప్పుడు ఊరి బడిలో మిలిటరీకి పోయినవాళ్ళ పేర్లతో బోర్డు పెడుతుంటే, "ఆయన తూటా తగిలి పోలేదు కదా, జ్వరమొచ్చి పోయినాడు, అమరుల వరసలో ఎట్లా రాస్తాం" అని ఒకాయన అన్నాడు. ఆయన పేరు ఎక్కడైనా ఉందా, సమాధి ఉందా, కువైట్‌లో ఉన్న మీ చిన్నాయన కొడుకు పోయి చూడొచ్చా, ఏ రోజున తద్దినం పెట్టుకోవాలి అని మీరు అడిగారు.

ముందు బోర్డు సంగతి. అమరుల వరసలోనే రాయించండి, ఏ అనుమానమూ పెట్టుకోవద్దు. యుద్ధంలో పోయినవాళ్ళ లెక్క చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో ఏర్పడింది. దాని నియమం ఒకటే: 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపల సర్వీసులో ఉండగా పోయినవాడు యుద్ధంలో పోయినవాడే. తూటా తగిలిందా, కలరా వచ్చిందా, వడదెబ్బ తగిలిందా, పడవ మునిగిందా అని తేడా చూడదు.

అడ్డు చెప్పినాయనకు ఒక్క సంగతి చెప్పండి. బస్రా, బాగ్దాద్ వైపున్న ఇంగ్లీషు సైన్యం మొత్తానికి అధిపతి జనరల్ మాడ్. 1917 మార్చి 11న బాగ్దాద్‌ను పట్టుకున్నది ఆయన సైన్యమే. ఆయన ఎట్లా పోయాడు? అదే ఏడాది నవంబరు 18న, బాగ్దాద్‌లో, కలరాతో. ఆయనకు బాగ్దాద్‌లో గుర్రం మీద కూర్చున్న విగ్రహం పెట్టారు, 1958 దాకా అది నిలబడి ఉండింది. మంచి పేరున్న సర్జన్ విక్టర్ హార్స్లీ 1916 జులైలో అమారా ఊళ్ళో వడదెబ్బకు పోయాడు. వీళ్ళిద్దర్నీ యుద్ధంలో పోయినవాళ్ళు కాదని ఎవరూ అనలేదు. జనరల్‌కు ఒక న్యాయం, రాయచోటి పిల్లోడికి ఒక న్యాయం ఎందుకుండాలి?

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో రికార్డుల క్లర్కుగా పని చేసి రిటైరయ్యాను. మీ పెద్ద జేజినాయన చేరింది ఆ పల్టన్‌లోనే, అప్పటి పేరు వేరు. కడపకు తిరిగొచ్చాక మన పాత జిల్లాల నుంచి ఆ యుద్ధానికి పోయినవాళ్ళ వివరాలు వెతికి ఇండ్లకు చెప్పడం పనిగా పెట్టుకున్నాను. మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు, మా అవ్వకు మేనమామ. అవ్వ ఆయన గురించి చెప్పేటప్పుడు "రోగంతో పోయినాడంట" అని గొంతు తగ్గించేది, అదేదో ఇంటికి తలవంపైనట్టు. ఆయన భార్య చాలా ఏండ్లు గాజులు తీయనియ్యలేదట. శవం చూడందే ఎట్లా నమ్మాలి అనేదట. నేను చాలా ఇండ్లల్లో ఆ గొంతు తగ్గించడమే విన్నాను. పోరాడి పోయాడని చెప్పడానికి వాళ్ళ దగ్గర కథ లేదు, జబ్బుతో పోయాడని చెప్పడానికి మనసు రాదు. దాంతో రెండు తరాల్లో మనిషి పేరే పోతుంది.

ఆ జబ్బు ఎట్లాంటిదో తెలిస్తే గొంతు తగ్గించాల్సిన పని లేదు. మెసపొటేమియా అంటే ఇప్పటి ఇరాక్. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి బయటికి పోయిన సైనికుల్లో, కూలీల్లో అందరికంటే ఎక్కువ మంది పోయింది అక్కడికే, 5 లక్షలకు పైగా. సైన్యం తానే వేసుకున్న లెక్కలో అక్కడ యుద్ధంలో అక్కడికక్కడే చచ్చినవాళ్ళు 11 వేల చిల్లర, గాయాలతో తర్వాత పోయినవాళ్ళు 4 వేల దగ్గర, జబ్బులతో పోయినవాళ్ళు 12,600 పైన. యుద్ధంలో అక్కడికక్కడే చచ్చినవాళ్ళ కంటే జబ్బులతో పోయినవాళ్ళే ఎక్కువ. ఆ జబ్బులు వాటంతట అవి రాలేదు.

యుద్ధం మొదలైనప్పుడు బస్రాలో సరైన ఓడరేవు లేదు. సరుకు ఓడలు దించుకునే చోటు లేక రోజుల తరబడి, వారాల తరబడి నది మధ్యలోనే నిలిచిపోయేవి. రైలు లేదు, రోడ్డు లేదు. లోపలికి పోవాలంటే టైగ్రిస్ నదిలో పడవలే. ఆ పడవలు చాలవు. ఉన్నవాటిలో తుపాకీ గుండ్లు ముందు, తిండి తర్వాత, మందులు ఆఖరు. కూరగాయలూ పచ్చి మాంసమూ సైనికుడి దాకా చేరేవి కావు. మన సిపాయిలకు అందింది పిండి, పప్పు, నెయ్యి, బెల్లం, అదీ ఒక్కోసారి కోత పెట్టి. గోంగూరో చింతచిగురో ఏదో ఒక ఆకు లేకుండా సంగటి తినని మనిషికి నెలల తరబడి పచ్చని ఆకు కనపడకపోతే ఏమవుతుంది? చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకుంటాయి. దాని పేరు స్కర్వీ. 1916లో అక్కడి మన సైనికుల్లో వేల మందికి వచ్చింది. విరుగుడుగా సీసాల్లో నిల్వ చేసిన లైమ్ రసం ఇచ్చారు. నిల్వ చేసిన ఆ రసంలో స్కర్వీని ఆపే బలం దాదాపు లేదని లండన్‌లో పరిశోధకులు తేల్చేసరికి 1918 అయింది. మొలకెత్తిన పప్పులు పనికొస్తాయని కూడా వాళ్ళే చెప్పారు. మన ఇండ్లల్లో గుగ్గిళ్ళకు నానబెట్టే పప్పు ఒక పూట ఎక్కువ ఉంచి ఉంటే ఎంతమంది బతికేవారో అని నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నీళ్ళు నదివే. అందులోనే పశువులు, అందులోనే శవాలు. విరేచనాలు, కలరా అందుకే వచ్చాయి. ఎండ 50 డిగ్రీల దాకా పోయేది. మన రాయలసీమోళ్ళకు ఎండ కొత్తా అనుకోవద్దు. మన దగ్గర చెట్టు నీడ ఉంటుంది, మిట్టమధ్యాహ్నం పని ఆపుతాం. అక్కడ గుడారం లోపల కూడా అదే మంట, పని ఆపేది లేదు.

జబ్బుపడిన మనిషిని ఎట్లా మోశారో చెప్పకుండా ముందుకు పోలేను. 1915 నవంబరులో టెసిఫాన్ దగ్గర యుద్ధం జరిగాక గాయపడ్డవాళ్ళనూ జబ్బుపడ్డవాళ్ళనూ నది మీద బస్రాకు తెచ్చారు. ఆస్పత్రి ఓడలో ఉన్న మేజర్ కార్టర్ అనే డాక్టరు ఆ పడవ ఒకటి దగ్గరికి వస్తుంటే పక్కల నుంచి తాళ్ళలాగా ఏవో వేలాడుతున్నాయి అనుకున్నాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, అది మనుషుల మలం గడ్డకట్టి కిందికి జారింది అని. కదలలేని వాళ్ళను డెక్ మీద పరుపు లేకుండా, మరుగు లేకుండా పేర్చారు. ఆయన ఇది రాసి ఇచ్చినందుకు పైవాళ్ళు ఆయన్నే అరెస్టు చేస్తామని బెదిరించారు. తర్వాత లండన్‌లో విచారణ కమిషన్ వేశారు. 1917లో దాని నివేదిక బయటపడ్డాక ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. అంటే ఈ చావులు విధి రాత కాదని, నడిపినవాళ్ళ తప్పని అప్పుడే తేలిపోయింది. నెలకు 11 రూపాయల జీతానికి పోయిన సిపాయి చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు.

1917 నుంచి పరిస్థితి బాగా మెరుగైంది. రైలు వేశారు, ఆస్పత్రులు కట్టారు, సైన్యం కోసం అక్కడే కూరగాయలు పండించారు. మరి మీ పెద్ద జేజినాయన 1918లో ఎట్లా పోయాడు? కాగితం ఏడాది ఆఖర్లో వచ్చిందంటే నా అనుమానం ఇన్‌ఫ్లుయెంజా మీదికి పోతుంది. ఆ ఏడాది శరదృతువులో అది ప్రపంచమంతా చుట్టేసింది, మెసపొటేమియా క్యాంపులను కూడా వదల్లేదు. జ్వరం రెండు మూడు రోజుల్లో న్యుమోనియాలోకి దిగేది. గనుల్లో రాతి దుమ్ము పీల్చినవాడికి ఊపిరితిత్తుల్లో అంత ఓపిక ఎక్కడుంటుంది? ఇది నా ఊహే, రికార్డు దొరికితే సరిచూసుకుందాం. అదే సమయంలో మన జిల్లాల్లోనూ ఆ జ్వరమే. దానికి తోడు 1918లో వానలు ముఖం చాటేశాయి. బస్రా నుంచి కాగితం వచ్చిన రోజున ఆ ఊళ్ళో ఇంకెన్ని ఇండ్లల్లో ఏడుపు ఉందో. మీ ఇంట్లో తేదీ గుర్తుపెట్టుకోలేదని బాధపడకండి. ఆ నెలల్లో ఎవరికి ఏది గుర్తుంటుంది?

కోలారు నుంచి పల్టన్‌కు ఎందుకు పోయాడని మీరు ఒక మాట రాశారు. పెద్ద రహస్యమేమీ లేదు. ధాత కరువు, అంటే 1876-78 నాటి కరువు, తర్వాత కడప, అనంతపురం, కర్నూలు, బళ్ళారి పల్లెల్లో వలస అలవాటైపోయింది. 1880ల నుంచి కోలారు గనులు చేతినిండా పనిచ్చాయి. అక్కడి నుంచి బెంగుళూరు దగ్గరే. శాపర్స్ అంటే వంతెనలు కట్టే, గుంతలు తవ్వే, కట్టలు పోసే సైన్యం. గడ్డపార పట్టిన చేతులు వాళ్ళకు కావాలి. గనిలో ఎట్లాగూ ప్రాణం అరచేతిలోనే, పల్టన్‌లో బట్టా తిండీ వాళ్ళే ఇస్తారు. నేను ఆయన స్థానంలో ఉన్నా పోయేవాణ్ణే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వస్తువులు. కంచు బిళ్ళ 12 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, మీద ఒక స్త్రీ, సింహం బొమ్మ ఉంటే, అది యుద్ధంలో పోయినవాళ్ళ ఇంటికి పంపిన స్మారక బిళ్ళ. యుద్ధం ముగిశాక ఇట్లాంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు. మీ దాంట్లో అక్షరాలు సగం అరిగిపోయాయన్నారు, ఊరగాయ జాడీ మీద మూతగా వాడారని కూడా రాశారు. ఉప్పూ పులుపూ కంచును తినేస్తాయి. ఇప్పుడు దాన్ని చింతపండుతో తోమకండి, నిమ్మచెక్కతో రుద్దకండి, కంసాలి దగ్గర పాలిష్ పెట్టించకండి. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, అంతే. పేరు ఒక చిన్న పలకలాంటి చోట ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా, తేలికగా రుద్దండి. కంటికి కనపడని అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. సింహం వెనక కాలి దగ్గర చిన్న అంకె ఉండొచ్చు. అది ఆయన నంబరని పొరపడకండి, తయారుచేసిన చోట వేసుకున్న గుర్తు.

ఆ బిళ్ళ మీద హోదా ఉండదు, పల్టన్ ఉండదు, పేరొక్కటే. చనిపోయినవాళ్ళందరూ సమానమని కావాలనే అట్లా చేశారు. కాబట్టి వెతకడానికి అసలు ఆధారం మీ వెండి మెడల్. దాన్ని పక్కకు తిప్పి అంచు చూడండి. రూపాయి బిళ్ళకు గాట్లు ఉండేచోట దానికి అక్షరాలు ఉంటాయి: నంబరు, హోదా, పేరు, పల్టన్. మద్రాస్ అనే మాట కోసం చూడకండి, ఉండదు. 1911 నుంచి ఆ పల్టన్ పేరు రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్. అంచు మీద "2, క్యూ.వి.ఓ., ఎస్ అండ్ ఎం" అన్నట్టు ఉంటుంది. ఒకటవది బెంగాల్‌ది, మూడవది బొంబాయిది. మెడల్ వెండిదని రాశారు కదా, అదే మెడల్ కూలీ దళాల వాళ్ళకు కంచుతో ఇచ్చారు. మీ పెద్ద జేజినాయన పోరాడే సైన్యంలోనే ఉన్నాడనడానికి ఆ వెండే సాక్ష్యం.

నంబరు దొరికాక వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఉచితమే. పేరుతో వెతికితే మన పేర్లు దొరకవు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా రాశాడు. సుబ్బన్న, చెన్నప్ప లాంటి పేర్లు పది రకాల స్పెల్లింగుల్లో కనిపిస్తాయి. నంబరుతో, పల్టన్‌తో వెతకండి. దొరక్కపోతే అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరు, తాలూకా, జిల్లా కొట్టండి. చాలా పేర్లకు "ఫలానా వాని కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా" అని తండ్రి పేరుతో సహా రాసి ఉంటుంది. కడపను ఇప్పుడు మనం రాసే స్పెల్లింగుతో కొడితే ఏమీ రాదు. సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్ అని పాత స్పెల్లింగు కొట్టాలి. మా అవ్వ మేనమామ నాకు దొరికింది అట్లాగే. పేరు తప్పు, ఊరు సగం తప్పు, తండ్రి పేరు మాత్రం అక్షరం పొల్లుపోలేదు. స్క్రీన్ మీద ఆ తండ్రి పేరు చూసి నేను లేచి బయటికి వచ్చి కాసేపు పంచలో కూర్చున్నాను.

వెబ్‌సైట్‌లో లేకపోతే ఆశ వదలకండి. తాలూకా ఆఫీసు పాత గోడల మీద, చావడి మీద "ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి పోయిరి" అనే పాలరాతి పలక ఉందేమో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా ఊళ్ళకు అట్లాంటివి పెట్టారు, సున్నం వేసి మూసేసినవీ ఉన్నాయి. మెడల్, బిళ్ళ, ఇంటి చరిత్ర జతచేసి కమిషన్‌కే రాస్తే వాళ్ళు పరిశీలిస్తారు. రాయడానికి నేను సాయం చేస్తాను.

సమాధి విషయంలో నేను తీపి మాటలు చెప్పను. 1914 నుంచి 1921 దాకా అక్కడ పోయి, సమాధి తెలియని 40 వేల మందికి పైగా మనుషుల కోసం బస్రాలో స్మారకం కట్టారు. దాని గోడల మీద తెల్లవాళ్ళ పేర్లు ఉన్నాయి, మన ఆఫీసర్ల పేర్లు ఉన్నాయి. మన మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. పల్టన్ పేరు కింద ఇంతమంది అని అంకె వేశారు. పేర్లు రిజిస్టరులో ఉన్నాయి, రాయి మీద లేవు. అమారాలో టైగ్రిస్ ఎడమ గట్టున మనవాళ్ళ శ్మశానం ఒకటుంది, సుమారు 5,000 మంది అక్కడ ఉన్నారు. వాళ్ళలో పేరు తెలిసినవాళ్ళు 9 మంది. పూడ్చినప్పుడు సరిగ్గా లెక్క రాసుకోలేదు, అంతే. ఇంటికి పంపిన బిళ్ళ మీద అందరూ సమానమే, అక్కడి గోడ మీద మాత్రం కాదు. ఇది అన్యాయమని 2021లో కమిషన్ తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

అందుకే మీ తమ్ముణ్ణి ఇప్పుడే పంపకండి. కువైట్ సిటీ నుంచి బస్రా మ్యాపులో నూటముప్పై కిలోమీటర్ల దగ్గరే కనపడుతుంది. కానీ 1997లో ఆ స్మారకాన్ని నసీరియా పోయే రోడ్డులో 32 కిలోమీటర్ల దూరానికి మార్చారు, అది ఎడారి. ఇరాక్ వీసా, సెలవు, కఫీల్ (కువైట్‌లో పని ఇచ్చిన యజమాని) ఒప్పుకోవడం, ఇవన్నీ దాటి పోయినా ఆయన పేరు రాయి మీద కనపడదు. పోయి వట్టి చేతులతో వచ్చిన బాధ ఇంకొకటి. రాయచోటి, రాజంపేట ఇండ్లల్లో కువైట్ నుంచి పెట్టెలో మనిషి రావడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పెట్టె కోసం ఎంబసీల చుట్టూ తిరిగే జనం మనవాళ్ళు. మీ జేజినాయన వాళ్ళమ్మకు అడగడానికి ఏ ఆఫీసూ లేదు. మీ తమ్ముడికి పోవాలని అంతగా ఉంటే, రిజిస్టరులో పేరు దొరికాక, అక్కడ పరిస్థితి కనుక్కుని పోనీయండి.

తద్దినానికి ఇప్పటికి మహాలయ అమావాస్య సరిపోతుంది. తిథి తెలియని పెద్దలకు మన వైపు అందరూ ఆ రోజే పెడతారు. రికార్డులో చనిపోయిన తేదీ దొరికిందంటే 1918 పంచాంగం చూసి తిథి కట్టించుకోవచ్చు. మా ఇంట్లో అట్లాగే మార్చుకున్నాం, ఇప్పుడు ఆయనకు ఆయన రోజే జరుగుతుంది.

మెడల్ అంచు ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వేయకండి, మెరిసి అక్షరాలు కనపడవు. ఉదయం ఎండ పక్క నుంచి పడేట్టు వాకిట్లో పెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ ఏడెనిమిది ఫోటోలు తీయండి. నంబరులో ఒక్క అంకె సగం కనపడినా చాలు, మిగతాది నేను వెతుకుతాను.